సొంతంగా కట్టిన ఫిషింగ్ రాడ్ (గాలపు కర్ర) పాత రాడ్ కంటే 8 మీటర్లు తక్కువ దూరం వేస్తోంది, తప్పు ఎక్కడ జరిగింది?

కొత్తగాలం:

అందరికీ నమస్తే. మొదటిసారి సొంతంగా రాడ్ కట్టాను. రెండు నెలలు చదివి, వీడియోలు చూసి, ఒక్కో గైడ్‌కీ (లైన్ దూరి వెళ్లే రింగుకీ) దారం చుట్టి, నచ్చకపోతే విప్పి, మళ్లీ చుట్టి, రాత్రిళ్లు కూర్చుని చేశాను. చూడటానికి చాలా బాగా వచ్చింది. కానీ విసిరితే నా పాత రెడీమేడ్ రాడ్ కంటే దూరం తక్కువ పోతోంది. ఊరికే అలా అనిపించడం కాదు, ఖాళీ మైదానంలో టేపు పరిచి కొలిచాను. హుక్కులు తీసేసిన 12 గ్రాముల మెటల్ ఎర, రెండు రాడ్లకూ అదే రీల్, అదే లైన్, ఒక్కోదానితో పదేసి సార్లు. పాతదాని సగటు 52 మీటర్లు, కొత్తదాని సగటు 44. ఆ రోజు గాలి కూడా పెద్దగా లేదు.

వివరాలు ఇవీ. బ్లాంక్ (గైడ్లు, పిడి లేని వట్టి కర్ర) 7 అడుగులు, ఒకటే ముక్క, కార్బన్, మీడియం పవర్ (మధ్యరకం బలం), ఫాస్ట్ యాక్షన్ (కొస వైపే ఎక్కువ వంగేది), 7 నుంచి 21 గ్రాముల ఎరలకు అని దాని మీద ఉంది. రీల్ 2500 సైజు స్పిన్నింగ్. లైన్ పీఈ 1 బ్రెయిడ్ (సన్నటి పోగులతో అల్లిన దారం), దాని ముందు ఎర వైపు ముడివేసిన ఫ్లోరోకార్బన్ లీడర్ ముక్క. గైడ్లు రీల్ వైపు నుంచి 25, 16, 12, 10, 8, 8, 7, 7, కొసన టిప్‌టాప్ (కొసకు అతికించే చివరి రింగు). అన్నీ డబుల్ ఫుట్ (రెండు కాళ్లవి), గట్టిగా ఉంటాయని అవే తీసుకున్నాను. దారం మీద ఎపాక్సీ జిగురు రెండు పూతలు (కోట్లు) వేశాను. స్పైన్ (బ్లాంక్‌లో కాస్త బిరుసుగా ఉండే వైపు) కూడా జాగ్రత్తగా చూసి, దానికి తగ్గట్టే గైడ్లు వరసలో పెట్టాను.

రెండు విషయాలు గమనించాను. విసిరాక కొస చాలాసేపు ఊగుతూనే ఉంటోంది, పాత రాడ్‌కి ఇట్టే ఆగిపోతుంది. రెండోది, మూడుసార్లలో ఒకసారైనా మొదటి గైడ్ దగ్గర లైన్ ‘టప్’మని కొట్టుకున్న చప్పుడు వస్తోంది.

బ్లాంకే సరైనది తీసుకోలేదా? ఐఎం8 అనే కార్బన్ రకం పేరు రాసి ఉన్నది కొని ఉంటే ఈ బాధ ఉండేది కాదని తెలిసినతను ఒకరు అన్నారు. మళ్లీ ఖర్చు పెట్టే ముందు ఒక మాట అడుగుదామని ఇక్కడ పెడుతున్నాను.

పాతబెండు:

తమ్ముడూ, బ్లాంక్ జోలికి ఇప్పుడే వెళ్లకు. నువ్వు రాసినదాంట్లోనే సగం జవాబు ఉంది. విసిరాక కొస ఆగకుండా ఊగుతోందంటే కొస మీద బరువు ఎక్కువైందనే. కొస దాకా డబుల్ ఫుట్ గైడ్లే పెట్టావు, అంటే ఒక్కో గైడ్‌కి రెండు కాళ్లు, రెండు చోట్ల దారం, రెండు చోట్ల ఎపాక్సీ, అదీ రెండేసి కోట్లు. కొస దగ్గర బ్లాంక్ అగ్గిపుల్లంత కూడా లావు ఉండదు, దాని చేత ఇంత సరంజామా మోయిస్తున్నావు.

ఇక్కడ బరువు ఎంత అన్నదానికంటే ఎక్కడ అన్నది ముఖ్యం. ఒక చివర బిగించిన కర్ర ఊగేటప్పుడు కొస ఒక జాన కదిలితే నడుమ భాగం అందులో దాదాపు మూడో వంతే కదులుతుంది. ఆ కదలికను వర్గం చేసి లెక్కలోకి తీసుకోవాలి కాబట్టి, సరిగ్గా మధ్యలో కట్టిన 1 గ్రాము కొసన కట్టిన సుమారు 0.1 గ్రాముతో సమానం. ఇది పొడవంతా ఒకే లావున్న కర్ర లెక్క. మన రాడ్ కొసకు పోయేకొద్దీ సన్నబడుతుంది, అందుకని మధ్యలో కట్టినది ఇంకా తక్కువే తెలుస్తుంది. రీల్ దగ్గరి పెద్ద గైడ్ నాలుగు గ్రాములున్నా రాడ్‌కి పట్టదు, కొస నుంచి మొదటి మూడు జానల్లో మాత్రం పావు గ్రాము పెరిగినా చేతికి తెలిసిపోతుంది.

దీనికీ దూరానికీ సంబంధం ఏమిటంటే, వంగిన రాడ్ తిరిగి లేచేటప్పుడు వదిలే శక్తి మొత్తం ఎరకి పోదు. ఆ కొసను కదిలించడానికి కూడా అందులోంచే ఖర్చవుతుంది. మోటు లెక్క ఒకటి వేద్దాం. ఖాళీ బ్లాంక్ కొస తన సొంత బరువుతో 3 గ్రాముల గుండులా ప్రవర్తిస్తోందనుకో. నీ 12 గ్రాముల ఎరకి శక్తిలో 15కి 12 వంతులు, అంటే 80 శాతం దక్కుతుంది. గైడ్లు, దారం, ఎపాక్సీ కలిసి కొసకు ఇంకో 2 గ్రాములు చేర్చాయనుకో, 17కి 12, అంటే 70 శాతమే. అదే 5 గ్రాముల ఎర అయితే 62 నుంచి 50కి పడిపోతుంది. నిజానికి మనం విసిరేటప్పుడు రాడ్ స్ప్రింగ్‌లా కంటే మీటలాగే ఎక్కువ పని చేస్తుంది కాబట్టి తేడా ఇంత రాకపోవచ్చు. కానీ నీ మీటర్లు కారిపోతున్న చోట్లలో ఇదొకటి.

నా మొదటి రాడ్ కూడా ఇలాగే చేశాను. కొస దగ్గరి చుట్ల మీద ఎపాక్సీ ఎండు ద్రాక్షంత ఉబ్బు ఉండేది, మెరుస్తోందని మురిసిపోయాను. రెండేళ్లు వాడి, ఒక రోజు బ్లేడుతో ఆ కొస భాగం విప్పి సన్నని చుట్లతో మళ్లీ కట్టాను. బ్లాంక్ అదే, రీల్ అదే. చేతిలో పట్టుకుని ఒక్కసారి ఊపగానే వేరే రాడ్ పట్టుకున్నట్టు అనిపించింది.

నువ్వు చేయాల్సిన పరీక్ష ఒకటి చెప్తాను. పిడిని బల్ల అంచుకు క్లాంపుతో బిగించు, కొసను ఒక అరచేయి వెడల్పు కిందికి లాగి వదులు, ఫోన్‌లో స్లో మోషన్, సెకనుకు 240 ఫ్రేముల్లో వీడియో తియ్యి. కొస పది ఊపులు ఊగడానికి ఎన్ని ఫ్రేములు పట్టాయో లెక్కపెట్టు. ముందు ఇప్పుడున్నట్టే తీసి, గైడ్లు విప్పాల్సి వస్తే అప్పుడు ఖాళీ బ్లాంక్‌కి కూడా తియ్యి. రెండోసారి కూడా పిడిని సరిగ్గా అదే చోట బిగించాలి, అటూ ఇటూ అయితే లెక్క పనికిరాదు. ఆ రెండు అంకెల నిష్పత్తిని వర్గం చేస్తే కొస మీద బరువు ఎన్ని రెట్లు పెంచావో తేలిపోతుంది.

దారంచుట్ట:

పాతబెండు గారు చెప్పినది సరే, కానీ స్పైన్ మీద నాకు అనుమానం ఉంది. స్పైన్ తప్పు చూసి ఉంటే విసిరేటప్పుడు రాడ్ మెలి తిరుగుతుంది, ఆ మెలికలో శక్తి పోతుంది, ఎర పక్కకి పోతుంది. మీరు ఎలా చూశారు? బ్లాంక్ మొదలు గాజు మీద పెట్టి, నడుమ వంచి, వేలితో తిప్పితే ఒక చోట టక్కుమని కూర్చుంటుంది, అదేగా? ఇంకో మాట, గైడ్ల లోపల లైన్ రాసుకునే రింగులు ఏవి వాడారు? అల్యూమినియం ఆక్సైడ్ అయితే సిలికాన్ కార్బైడ్‌కి మారితే నునుపు పెరిగి దూరం వస్తుందేమో.

కొత్తగాలం:

అవునన్నా, అలాగే చూశాను, ఒక చోట గట్టిగా కూర్చుంది. రింగులు అల్యూమినియం ఆక్సైడే. పాత రాడ్ రింగులు ఏవో నాకు తెలియదు, చూడటానికి మామూలువే.

పాతబెండు:

దారంచుట్ట, నేనూ పదేళ్లు స్పైన్‌ని నమ్మాను, అందుకే కొంచెం వివరంగా రాస్తాను. బ్లాంక్ ఎలా చేస్తారో తెలుసు కదా. రెసిన్ పట్టించిన కార్బన్ గుడ్డను కొలత ప్రకారం కోసి, ఒక చివరకు సన్నబడే ఉక్కు కడ్డీ మీద బిగుతుగా చుట్టి, పైన టేపు చుట్టి, ఓవెన్‌లో కాల్చి, కడ్డీ లాగేస్తారు. గుడ్డ అంచులు ఎక్కడ ఒకదాని మీద ఒకటి పడ్డాయో, గోడ మందం ఎక్కడ పిసరంత హెచ్చు తగ్గు అయిందో, అక్కడ బ్లాంక్ కాస్త బిరుసుగా ఉంటుంది. స్పైన్ అంటే అంతే. పైగా వేలితో తిప్పి చూసినప్పుడు టక్కుమనేది స్పైన్ వల్లే అని చెప్పలేం, బ్లాంక్‌లో పుట్టుకతో కొంచెం వంకర ఉన్నా అలాగే టక్కుమంటుంది.

మెలి తిరగడం అన్నది గైడ్లు ఏ వైపు ఉన్నాయన్న దాన్నిబట్టి వస్తుంది. గైడ్లు పైన ఉండే బెయిట్‌కాస్టింగ్ రాడ్‌లో లైన్ బ్లాంక్ కంటే ఎత్తున నడుస్తుంది కాబట్టి, బరువు పడగానే గైడ్లు కిందికి తిరగాలని చూస్తాయి, స్పైన్ ఎటున్నా సరే. స్పిన్నింగ్ రాడ్‌లో గైడ్లు ముందే కింద ఉన్నాయి, ఇంక తిరగడానికి ఏముంది? బ్లాంక్ ఎటు తిప్పితే చూపుకి తిన్నగా ఉంటుందో అటు చూసి కట్టుకోవడమే నేను ఇప్పుడు చేస్తున్నది. స్పైన్ వల్ల దూరంలో కొలవగలిగేంత తేడా నా రాడ్లలో ఒక్కదానిలోనూ చూడలేదు.

రింగు సంగతి. సిలికాన్ కార్బైడ్ గట్టిది, వేడిని త్వరగా లాగేస్తుంది, బ్రెయిడ్ ఎన్నేళ్లు రాపాడినా గాడి పడదు, అందుకే అది మంచిది. రింగును పలచగా చేయొచ్చు కాబట్టి బరువు కూడా కొంచెం తగ్గుతుంది. కానీ లైన్ దూసుకుపోయేటప్పుడు ఆ నునుపు తేడాతో మీటర్లు రావు. 8 మీటర్ల లోటు రింగు నునుపులోంచి రాలేదు.

ఇక ఐఎం8. ఐఎం6, ఐఎం7, ఐఎం8 అనేవి హెక్సెల్ అనే కంపెనీ కార్బన్ పోగుల పేర్లు. రాడ్లకంతటికీ కలిపి ఎవరో పెట్టిన కొలమానం కాదు, కాబట్టి బ్లాంక్ మీద ఆ అక్షరాలు చూసి రెండు బ్లాంకులను పోల్చలేం. బిరుసుదనాన్ని మాడ్యులస్ అంటారు, మామూలు కార్బన్ పోగుకి అది 230 గిగాపాస్కల్స్ ప్రాంతం, ఫైబర్‌గ్లాస్‌కి 72 ప్రాంతం. మాడ్యులస్ ఎక్కువైతే అదే బిరుసు తక్కువ గుడ్డతో వస్తుంది, బ్లాంక్ తేలికవుతుంది, నిజమే. కానీ గోడ పలచబడి, రాయికి తగిలినా, చేపని దగ్గరికి లాగేటప్పుడు రాడ్‌ని మరీ నిలువుగా ఎత్తినా పుటుక్కుమంటుంది. నువ్వు ఇంకా తేలికైన బ్లాంక్ కొని, దాని మీద కూడా ఇవే గైడ్లు, ఇంతే ఎపాక్సీ వేస్తే, బ్లాంక్ తేలిక కాబట్టి అనుపాతంలో నష్టం ఇంకా పెరుగుతుంది.

నీ రెండు రాడ్ల పవర్ ఒకటేనా అన్నది మాత్రం చూడాల్సిందే. డాక్టర్ విలియం హానెమన్ అనే అమెరికన్ ఒకాయన కామన్ సెంట్స్ సిస్టమ్ అని ఒక పద్ధతి తెచ్చాడు. రాడ్‌ని అడ్డంగా బిగించి, కొసకు చిన్న సంచీ కట్టి, రాడ్ పొడవులో మూడో వంతు మేర కొస కిందికి దిగేదాకా అందులో ఒక సెంటు నాణేలు వేసుకుంటూ పోవడమే. ఎన్ని నాణేలు పట్టాయో అదే ఆ రాడ్ బలం. నాణేలే అక్కర్లేదు, ఇనప వాషర్లు వేసి తర్వాత తూకం వెయ్యి. చిన్న పనే, కానీ రాడ్ మీద రాసి ఉన్నదాని కంటే దీన్నే నేను నమ్ముతాను.

సన్నకొన:

ఆ ‘టప్’ శబ్దం గురించి ఎవరూ మాట్లాడలేదు, నాకు అదే పెద్ద విషయంగా కనిపిస్తోంది. కొస బరువు ఒక దొంగ అయితే ఇది రెండో దొంగ.

స్పిన్నింగ్ రీల్ నుంచి లైన్ తిన్నగా రాదు, స్పూల్ (లైన్ చుట్టి ఉండే ఉండ) చుట్టుకొలత అంత పెద్ద చుట్టలుగా, గిర్రున తిరుగుతూ వస్తుంది. ఆ చుట్టలను నెమ్మదిగా కుదించి, తిన్నటి దారంగా మార్చి కొసకు పంపడమే మొదటి మూడు గైడ్ల పని. పాతకాలం పద్ధతిలో గరాటులా 25, 16, 12, 10 అని మెల్లగా తగ్గించుకుంటూ పోయేవాళ్లు, మీరు చేసింది అదే. అది మోనోఫిలమెంట్ (ఒకే పోగు నైలాన్) లాంటి బిరుసు లైన్‌కి నడుస్తుంది. బ్రెయిడ్‌కి ఒంట్లో బిరుసు లేదు, అది నూలు దారంలాగా వదులుగా ఉబ్బి, బ్లాంక్‌కి తగులుతుంది, గైడ్ ఫ్రేముకి తగులుతుంది, అదే మీరు వింటున్న చప్పుడు. తగిలిన ప్రతిసారీ ఎరను వెనక్కి లాగినట్టవుతుంది.

గైడ్లు తయారుచేసే ఫూజీ కంపెనీ వాళ్లు న్యూ గైడ్ కాన్సెప్ట్ అని చెప్పినదాని సారం ఏమిటంటే, చుట్టలను త్వరగా కుదించెయ్యి, అక్కడి నుంచి కొస దాకా చిన్న గైడ్లు పెట్టు. ఎక్కడ కుదించాలో చూడటానికి రీల్‌ని రాడ్‌కి బిగించి, స్పూల్ తిరిగే ఇరుసు గీతను ముందుకు పొడిగించండి. రీల్ కొంచెం పైకి చూస్తూ ఉంటుంది కాబట్టి ఆ గీత ముందు ఎక్కడో బ్లాంక్‌ని తాకుతుంది. స్పూల్ ముందున్న డ్రాగ్ నాబ్ (తిప్పే మరబిళ్ల) మధ్యలో ఆనించి, తిన్నటి పొడవాటి పుల్ల ఒకటి ఇరుసు దిశలోనే పట్టుకుని చూస్తే తెలుస్తుంది. ఆ తాకే చోట ప్రాంతంలో చుట్టలు పూర్తిగా కుదించుకుపోయి, అక్కడి నుంచి చిన్న గైడ్లు మొదలవ్వాలి. తర్వాత వచ్చిన కేఆర్ పద్ధతి ఇంకా ముందుకు వెళ్లింది, మొదటి మూడు గైడ్లలోనే, కాళ్లు ఎత్తుగా ఉండి రింగు చిన్నగా ఉండే వాటితో పని ముగించేస్తుంది. మీ రీల్‌కి నేనైతే ఎత్తు కాళ్ల 20, ఎత్తు కాళ్ల 10, తర్వాత 5.5, అక్కడి నుంచి అన్నీ సింగిల్ ఫుట్ (ఒంటి కాలు) 5 పెడతాను.

రింగు చిన్నదైతే లైన్ ఇరుక్కుంటుందని భయపడకండి. పీఈ 1 అంటే 0.165 మిల్లీమీటర్ల లావు. చూడాల్సింది లైన్ కాదు, లీడర్ ముడి. ఎఫ్‌జీ నాట్ అనే సన్నటి ముడి సరిగ్గా వేస్తే 5 సైజులోంచి ఇట్టే పోతుంది. గైడ్ సైజు అంటే రింగు బయటి కొలత అని గుర్తుంచుకోండి, లోపలి రంధ్రం అంతకంటే చిన్నది. ఎపాక్సీ వేసే ముందే మీ లీడర్ ముడిని టిప్‌టాప్‌లోంచి పదిసార్లు లాగి చూసుకోండి.

ముఖ్యమైన మాట, దేన్నీ దారంతో కట్టేయకండి. ముందు అంతా టేపుతో. పీవీసీ టేపును నాలుగు మిల్లీమీటర్ల సన్నటి పట్టీలుగా కోసి, గైడ్ కాలి మీద మూడు నాలుగు చుట్లు గట్టిగా లాగి చుడితే మైదానంలో పరీక్షకి సరిపోతుంది. కళ్లద్దాలు పెట్టుకోండి, ఎరకి హుక్కులు ఉండకూడదు, ఎదురుగా మనుషులు ఉండకూడదు. మొదటి గైడ్‌ని రెండేసి సెంటీమీటర్లు జరుపుతూ ఒక్కో చోట ఐదేసి సార్లు విసరండి. చప్పుడు ఎక్కడ ఆగిపోతే అదే దాని చోటు. నాకు ఒకసారి ఈ ఒక్క గైడ్ కోసం రెండు సాయంత్రాలు పట్టింది.

చిన్న గైడ్ల మధ్య దూరం చూడటానికి లైన్ ఎక్కించి, చివర దేనికైనా కట్టి, రాడ్ బాగా వంగేదాకా లాగి పక్క నుంచి చూడండి. ప్రతి గైడ్ దగ్గరా లైన్ మలుపు దాదాపు సమానంగా ఉండాలి. ఎక్కడైనా ఒక్కసారిగా విరిగినట్టు మలుపు కనిపిస్తే అక్కడ పక్క గైడ్లను దగ్గరికి జరపాలి, లేదా ఇంకొకటి చేర్చాలి. 7 అడుగులకి ఎనిమిది గైడ్లు, టిప్‌టాప్ అన్నది సరైన లెక్కే. తక్కువ పెడితే తేలికవుతుందని ఐదో ఆరో పెట్టేవాళ్లున్నారు, అప్పుడు లైన్ గైడ్ల మధ్య ఊగిసలాడుతుంది, చేప లాగినప్పుడు బరువంతా రెండు చోట్లే పడుతుంది.

నీటిగట్టు:

నాదొక ప్రశ్న. రీల్ సీట్ వెనక పిడి ఎంత పొడవుంది, పాతదానికీ కొత్తదానికీ? రెండు చేతులతో విసిరేటప్పుడు పై చెయ్యి తోస్తుంది, కింది చెయ్యి లాగుతుంది. ఆ రెండు చేతుల మధ్య దూరమే మీ బలం. ఐదారు సెంటీమీటర్లు తగ్గినా తేడా తెలుస్తుంది, గైడ్లను ఎంత దిద్దినా అది తిరిగి రాదు. రెండు రాడ్లనూ ఒంటి చేత్తో కూడా విసిరి కొలవండి. ఒంటి చేత్తో తేడా బాగా తగ్గిపోతే పిడిలో కూడా లోపం ఉన్నట్టు.

కొత్తగాలం:

నీటిగట్టు గారూ, మీరు అడిగేదాకా నాకు తట్టనే లేదు. పాతది 27 సెంటీమీటర్లు, కొత్తది 21. అందంగా ఉంటుందని కురచగా చేశాను. ఈ రోజు ఒంటి చేత్తో విసిరాను, పాతది సగటున 41 మీటర్లు, కొత్తది 37. అంటే ఎనిమిదిలో నాలుగు ఒంటి చేత్తోనూ ఉంది.

వాషర్ల పరీక్ష కూడా చేశాను. మూడో వంతు వంగడానికి పాతదానికి 260 గ్రాములు, కొత్తదానికి 275. కాబట్టి బ్లాంక్ తప్పు కాదనే అనుకుంటున్నాను. ఊపుల వీడియో తీశాను, పది ఊపులకి సరిగ్గా 600 ఫ్రేములు. గైడ్లు విప్పాలని నిర్ణయించుకున్నాను. ఎలా విప్పాలి? లైటర్‌తో వేడి చేయమని కొందరంటున్నారు.

దారంచుట్ట:

లైటర్ వద్దు. కార్బన్ పోగుకి ఏమీ కాదు కానీ దాన్ని పట్టి ఉంచే రెసిన్ మెత్తబడుతుంది, పైకి ఏమీ కనిపించదు, తర్వాత ఎప్పుడో పెద్ద చేప పడ్డ రోజున సరిగ్గా అక్కడే విరుగుతుంది. కొత్త బ్లేడు తీసుకుని, గైడ్ కాలు మీద మాత్రమే, లోహం తగిలేదాకా పొడవునా గీయండి. బ్లేడు కాలు అంచు దాటి బ్లాంక్ మీదికి దిగకూడదు. గీత పడ్డాక గైడ్‌ని మెల్లగా పక్కకి వంచితే ఊడొస్తుంది, దారం ఒలుచుకుంటూ రావాలి. మిగిలిన ఎపాక్సీని జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్ వేడితో మెత్తబరిచి, చేత్తో ముట్టుకోగలిగే వేడి మించకుండా చూసుకుంటూ, చెక్క పుల్లతోనో వేలి గోటితోనో గీకండి. చాకు పెట్టొద్దు. నేను ఒకసారి చాకుతో గీకి పైపొర పోగులు తెంపుకున్నాను, ఆ బ్లాంక్ పారేయాల్సి వచ్చింది.

స్పైన్ మీద పాతబెండు గారు చెప్పింది ఇంట్లో రెండు బ్లాంకుల మీద చూశాను. ఒకదాన్ని ఏ వైపు తిప్పి కట్టినా గైడ్లు పైన ఉంటే మెలి తిరిగింది, కింద ఉంటే తిరగలేదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

నీటిగట్టు:

పిడి కోసం మొత్తం విప్పకండి. వెనక మూత తీసి చూస్తే బ్లాంక్ లోపల బోలుగా ఉంటుంది. అందులోకి బిగుతుగా పట్టే ఫైబర్‌గ్లాస్ గొట్టం ముక్క చూసుకోండి. లోపలికి ఒక జాన దూరేలా, బయటికి మీకు కావలసినంత ఉండేలా కోసి, ఎపాక్సీ రాసి దించండి. బయటి ముక్క మీద ఈవీఏ ఫోమ్ గానీ కార్క్ రింగులు గానీ ఎక్కించి నున్నగా రుద్దితే కలిసిపోతుంది. వెనక కొంచెం బరువు చేరుతుంది, అది మంచిదే, రాడ్ ముందుకి వాలిపోయే గుణం తగ్గుతుంది.

కొత్తగాలం:

మూడు వారాలైంది, ఇప్పుడు పూర్తి లెక్కలతో వచ్చాను.

విప్పడానికి రెండు రాత్రులు పట్టింది. కొస వైపు నాలుగు గైడ్లు, టిప్‌టాప్, వాటి మీది దారం, ఎపాక్సీ పెచ్చులు అన్నీ ఒక మూతలో పోగుచేసి చిన్న డిజిటల్ తూకం మీద పెడితే 4.1 గ్రాములు. ఒక్క పెచ్చు చేతిలోకి తీసుకుని చూశాను, గైడ్ కాలు అచ్చు లోపలి వైపు అలాగే పడి ఉంది, దాని మీద గాజులా రెండు మిల్లీమీటర్ల మందం. అంత వేశానని అప్పట్లో నాకు తెలియనే లేదు. అదే చోట ఇప్పుడు పెట్టిన ఐదు సింగిల్ ఫుట్ గైడ్లు, కొత్త టిప్‌టాప్ కలిపి 1.2 గ్రాములు.

ఖాళీ బ్లాంక్‌కి పది ఊపులకి 480 ఫ్రేములు వచ్చాయి. పాతబెండు గారు చెప్పినట్టు 600ని 480తో భాగించి వర్గం చేస్తే 1.56. అంటే కొసన తెలిసే బరువు నా పనితో సగానికి పైగా పెరిగింది.

సన్నకొన గారి వరస టేపుతో పెట్టి మైదానానికి వెళ్లాను. మొదటి గైడ్ స్పూల్ అంచు నుంచి 46 సెంటీమీటర్ల దగ్గర పెడితే చప్పుడు ఇంకా వచ్చింది, 48 దగ్గర తగ్గింది, 50 దగ్గర ఐదులో ఒకసారి, 52 దగ్గర పూర్తిగా పోయింది. పక్కనే నిలబడ్డ మా తమ్ముడు కూడా “ఇప్పుడు సుయ్‌మని ఒకటే శబ్దం వస్తోంది” అన్నాడు. పిడి ముట్టుకోకుండా, టేపు గైడ్లతో 12 గ్రాముల సగటు 49 మీటర్లు.

తర్వాత సన్నటి దారంతో ఒక్కో కాలికి ఒక్క చుట్టు వరస, ఎపాక్సీ ఒకటే కోటు. ఈసారి రెండు భాగాలనూ సిరంజీలతో సమానంగా కొలిచి, బుడగలు రాకుండా నెమ్మదిగా కలిపి, బ్రష్‌తో రాసి, నెమ్మదిగా తిరిగే మోటారు మీద రాత్రంతా తిప్పాను. దారం అల్లిక కొంచెం చేతికి తెలుస్తోంది, మునుపటి మెరుపు లేదు. ఊపులు 540 ఫ్రేములు. పిడికి 6 సెంటీమీటర్లు చేర్చాను.

నిన్న గాలి లేని సమయం చూసుకుని మళ్లీ పదేసి సార్లు వేశాను. పాత రాడ్ 52, కొత్తది 53. ఒంటి చేత్తో 41, 41. 5 గ్రాముల ఎరతో కూడా చూశాను, దానికి ముందటి కొలత లేదు కానీ పాత రాడ్ కంటే రెండు మీటర్లు ఎక్కువే పడింది. ఒక్క మీటరుకి ఇంత కష్టమా అని ఇంట్లో అడిగారు. నాకైతే ఆ కొస విసిరిన వెంటనే ఆగి నిలబడటం చూస్తుంటే చాలా సంతోషంగా ఉంది.

ఒక చిన్న సమస్య మిగిలింది, టిప్‌టాప్ కొంచెం పక్కకి తిరిగి అతుక్కుంది. పైనుంచి చూస్తే మిగతా గైడ్ల వరసలో లేదు.

సన్నకొన:

చాలా బాగా చేశారు. టిప్‌టాప్ దేనితో అతికించారు? హాట్ గ్లూ అయితే గొట్టం మీద కొద్దిగా వేడి గాలి తగిలించి, మెత్తబడగానే తిప్పి వరసలో పెట్టి, చల్లారేదాకా పట్టుకుంటే చాలు.

కొత్తగాలం:

హాట్ గ్లూనే. ఇప్పుడే చేశాను, వరసలోకి వచ్చింది.